నాన్న రాత్రి రెండు గంటలకు ఎందుకు లేచారు?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. అమ్మానాన్నలకు నేనొక్కదాన్నే సంతానం. నాన్నకు 78, అమ్మకు 73. వాళ్లున్న ఊరు నాకు ఆరు గంటల ప్రయాణం. నెల కిందట రాత్రి రెండు గంటలప్పుడు వీధి తలుపు గడియ వేసి ఉందో లేదో చూడటానికి లేచి, నాన్న చీకట్లో జారి పడ్డారు. మణికట్టు విరిగింది. పది రోజులు సెలవు పెట్టి వెళ్లి చూసుకుని వచ్చాను. అప్పటినుంచి రోజుకు ఐదారుసార్లు ఫోను చేస్తున్నారు. తెల్ల మాత్ర ముందా ఎర్ర మాత్ర ముందా, కరెంటు బిల్లు కట్టావా, ఈ శనివారం వస్తున్నావా... ఇవే మాటలు. అమ్మకు ఇవ్వమంటే 'పడుకుంది' అంటారు. ఇదివరకు ఫోను చేసేది అమ్మే. ఈమధ్య ఆమెకు మతిమరుపు కాస్త ఎక్కువైంది, వయసు కదా. ఇంట్లో సాయానికి ఒక మనిషిని పెడితే మూడో రోజే పంపించేశారు. 'నువ్వుండగా పరాయివాళ్లెందుకమ్మా' అన్నారు నాన్న. మొన్నొక రోజు 'ఆ ఉద్యోగం మానేసి ఇక్కడికే వచ్చేయకూడదా' అని కూడా అన్నారు. నాకూ ఒక్కడే కొడుకు, పెద్ద పరీక్షలకు చదువుతున్నాడు. నా భర్త ఏమీ అనరు. అదే నాకు భయం. ఫోను మోగగానే ముందు విసుగొస్తుంది, ఆ వెంటనే సిగ్గేస్తుంది. ఒక తమ్ముడో చెల్లెలో ఉండి ఉంటే ఇలా అయ్యేది కాదు. ఉద్యోగం మానేసి వెళ్లిపోవడమేనా దారి?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగింది ఉద్యోగం గురించి. నన్ను ఆపేసింది మాత్రం మీరు మామూలుగా చెప్పి దాటేసిన ఒక మాట. 78 ఏళ్ల మనిషి రాత్రి రెండు గంటలకు వీధి తలుపు గడియ చూడటానికి ఎందుకు లేచారు?

దొంగల భయం ఉన్నవాళ్లు పడుకోబోయే ముందు గడియ చూసుకుంటారు. నడిరాత్రి ఉలిక్కిపడి లేచి చూసుకునేవాళ్ల భయం వేరు. ఇంట్లో ఉన్నవాళ్లు తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోతారేమోనన్న భయం అది. ఇప్పుడు మీ ఉత్తరంలోని మిగతా మాటలు దీని పక్కన పెట్టి చూడండి. ఇదివరకు ఫోను చేసే అమ్మ ఇప్పుడు చేయడం లేదు. మీరు అడిగిన ప్రతిసారీ ఆమె పడుకునే ఉంటుంది. బిల్లులు, మాత్రలు ఇంతకుముందు ఎవరు చూసుకునేవారు? అమ్మే అయితే, అవన్నీ ఇప్పుడు నాన్న నెత్తిన పడ్డాయన్నమాట. రోజుకు ఐదారు ఫోన్లకు కారణం కట్టు కట్టిన చెయ్యి ఒక్కటే కాకపోవచ్చు.

నేను పొరబడి ఉండవచ్చు. ఉత్తరం చూసి రోగం చెప్పే విద్య నాకు లేదు, ఉన్నా చెప్పకూడదు. కానీ పందెం కట్టమంటే ఇలా కడతాను. ఇద్దరు పెద్దవాళ్లను మీరొక్కరే మోయాలని మీరు అనుకుంటున్నారు. నిజానికి ఆ ఇంట్లో ఒకరు ఇప్పటికే ఇంకొకరిని మోస్తున్నారు, అదీ ఒంటి చేత్తో, ఎవరికీ చెప్పకుండా. వరసలో మీరు రెండోవారు. మీకన్నా ముందు మొదలుపెట్టింది మీ నాన్న.

అలా చూస్తే 'నువ్వుండగా పరాయివాళ్లెందుకు' అన్న మాటకు అర్థం మారిపోతుంది. మీకది మొండితనంలా వినబడింది. కొంత మొండితనమూ ఉండవచ్చు, ఆ వయసులో దానికి కొరత ఉండదు. కానీ సాయానికి వచ్చిన మనిషి రెండు రోజులు ఇంట్లో తిరిగితే చాలు, బయటికి పొక్కకూడదని ఆయన దాస్తున్నవన్నీ ఆమె కంట పడతాయి. అమ్మ ఒకే ప్రశ్న పావుగంటలో నాలుగుసార్లు అడగడం, స్నానం చేశానని చెప్పి చేయకపోవడం, బాగా తెలిసిన మనిషి పేరు కోసం తడుముకోవడం. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి పరువు కాపాడటం తన పని అని ఆయన అనుకుంటూ ఉండవచ్చు. కూతురు చూస్తే ఫర్వాలేదు, పరాయి మనిషి చూడకూడదు. ఆయనకు మీరు కావాలన్నది చాకిరీ కోసమే అని నాకు అనిపించడం లేదు.

మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను. అమ్మానాన్నలు ఇద్దరే ఉన్న రోజుల్లో నేను నెలకోసారి వెళ్లి రెండు పూటలు ఉండి వచ్చేదాన్ని. ఒకసారి ఏదో వెతుకుతూ వంటగది అలమర తలుపు తీస్తే, లోపలివైపు చిన్న చిన్న కాగితం ముక్కలు వరసగా అంటించి ఉన్నాయి. నాన్న చేతిరాత. 'తాళంచెవి సొరుగులో ఉంది.' 'పొయ్యి ఆర్పావా?' 'ఈరోజు మాత్ర వేసుకున్నావు, మళ్లీ వద్దు.' ఆఖరు చీటీ మీద తేదీ కొట్టేసి, పక్కన రాసి, మళ్లీ కొట్టేసి, కాగితం చిల్లు పడిపోయింది. అవన్నీ అమ్మ కోసం. ఏడాదిగా ఆయన ఆమె జ్ఞాపకాన్ని అలా తలుపు వెనక అతికిస్తూ వచ్చారు. తలుపు మూస్తే ఏమీ కనబడదు, అంతా సవ్యంగా ఉన్న ఇల్లే. మేం ముగ్గురు పిల్లలం. ఏడాది పొడుగునా ముగ్గురిలో ఒక్కరమూ ఆ తలుపు తీయలేదు.

అందుకని మీరు మొదట రాయాల్సింది రాజీనామా కాదు, నాలుగు రోజుల సెలవు చీటీ. పోయినసారి మీరు పది రోజులు ఉన్నారు, నిజమే. కానీ అప్పుడు మీ కళ్లన్నీ నాన్న చేతి మీద ఉండి ఉంటాయి. పైగా కూతురు వస్తుందంటే ఇల్లు సర్దుకుంటుంది, మనుషులూ సర్దుకుంటారు. ఈసారి వెళ్లి పనంతా మీద వేసుకోకండి. కూర్చుని చూడండి. ఉదయం ఎవరు ముందు లేస్తున్నారు, మాత్రలు ఎవరు తీసి ఎవరికి ఇస్తున్నారు, ఉత్తరాలూ బిల్లులూ ఎక్కడ పేరుకుంటున్నాయి, గడువు దాటిన మందులు ఎన్ని ఉన్నాయి, మాడిన గిన్నె ఏదైనా వెనక్కి నెట్టేసి ఉందా. ముఖ్యంగా రాత్రి. మెలకువగా ఉండి, ఎవరు ఎన్నిసార్లు లేస్తున్నారో వినండి. పగలు నాలుగు రోజులు చూసినా తెలియనిది ఒక్క రాత్రిలో తెలుస్తుంది.

ఒక రోజు అమ్మను మీరు చూసుకుంటానని చెప్పి, నాన్నను రెండు గంటలు తనకు నచ్చిన చోటికి పంపించండి. ఆయన వెళ్లనంటే, వెళ్లి పావుగంటలో తిరిగొస్తే, మీకు సగం జవాబు దొరికినట్టే.

ఇక అమ్మ సంగతి. 'వయసు కదా' అన్న రెండు మాటల వెనక చాలా జబ్బులు ఏళ్ల తరబడి దాక్కుంటాయి. తాళాలు ఎక్కడ పెట్టానో గుర్తు రాకపోవడం ఏ వయసులోనైనా ఉంటుంది. రోజూ చేసే పనిలో దారి తప్పడం, తెలిసిన వీధిలో తికమకపడటం, చేతిలో ఉన్న డబ్బు లెక్క పెట్టుకోలేకపోవడం వయసు ఖాతాలో వేసి వదిలేసేవి కావు. పోల్చాల్సింది పక్కింటి పెద్దావిడతో కాదు, మూడేళ్ల కిందటి మీ అమ్మతో. మార్పు కనబడితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, అదీ భయపడుతూ కాదు. థైరాయిడ్ తగ్గినా, బి12 లోపించినా, మనసు కుంగిపోయినా, చెవులు సరిగా వినబడకపోయినా, కొన్ని నిద్రమాత్రల వల్లా, అలర్జీ మాత్రల వల్లా కూడా జ్ఞాపకం మందగిస్తుంది. ఇవన్నీ సరిచేయడానికి వీలున్నవి. వినికిడి మాట ప్రత్యేకంగా చెప్తున్నాను. అమ్మ ఫోను చేయడం మానేయడానికి కారణం మీ మాట వినబడకపోవడమే అయినా కావచ్చు, అదే నిజమై నా పందెం ఓడిపోయినా నాకు సంతోషమే.

ఒకవేళ అది చిత్తవైకల్యమే, అంటే డిమెన్షియానే అయినా, దానికి పేరు తెలియడం మేలు. పేరు తెలియని జబ్బు ఉన్న ఇంట్లో ప్రతి పొరపాటూ తగాదా అవుతుంది. 'ఎన్నిసార్లు చెప్పాలి' అని నాన్న విసుక్కుంటారు, ఆమె చిన్నబుచ్చుకుంటుంది, ఆయన రాత్రంతా పశ్చాత్తాపపడతారు. ఇంకొక్కటి గుర్తుంచుకోండి. ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా మాట తేడా వచ్చినా, మత్తుగా అయిపోయినా, లేనివి కనబడుతున్నాయన్నా అది మతిమరుపు ముదరడం కాదు. ఒంట్లో నీరు తగ్గడమో, ఏదో ఇన్ఫెక్షనో, మందు తేడా చేయడమో అయి ఉండవచ్చు. మరుసటి రోజు దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ మాట నాన్నకు తెలిసి ఉండాలి.

వృద్ధుల వైద్యులు వాడే పాత కొలబద్దలు రెండున్నాయి. ఇలాంటి వేళ అవి ఇంట్లోవాళ్లకూ పనికొస్తాయి. 1963లో సిడ్నీ కాట్జ్ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి ఒంటికి సంబంధించిన ఆరు పనులు తీసుకున్నాడు: స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం, మంచం దిగి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. సాధారణంగా ముందు సాయం అవసరమయ్యేది స్నానానికి, చివరిదాకా మిగిలేది తినడం. 1969లో పావెల్ లాటన్, ఎలైన్ బ్రోడీ అనే పరిశోధకులు ఇంటిని నడిపే పనులు ఎనిమిది చేర్చారు: ఫోను చేయడం, కొనుక్కురావడం, వండటం, ఇల్లు సర్దడం, బట్టలు ఉతకడం, ప్రయాణం, మందులు వేసుకోవడం, డబ్బు చూసుకోవడం. సాధారణంగా ఈ రెండోరకం పనులు చెయ్యి జారిన చాలా కాలానికి గానీ మొదటిరకం జారవు. ఆ పద్నాలుగింటినీ ఒక కాగితం మీద రాసి, ఇద్దరికీ విడివిడిగా, ఏది సొంతంగా చేస్తున్నారు, ఏది తోడుంటే చేస్తారు, ఏది అసలు చేయలేరు అని గుర్తు పెట్టండి. 'అమ్మానాన్నలు నా మీద ఆధారపడ్డారు' అంటే గుండె బరువెక్కుతుంది గానీ ఏం చేయాలో తోచదు. ఆ కాగితం చూస్తే తోస్తుంది. మాత్రలు వారానికి సరిపడా గళ్ల డబ్బాలో సర్ది పెట్టడానికి మీరు ఉద్యోగం మానక్కరలేదు. బిల్లులు మీరున్న చోటినుంచే కట్టవచ్చు. స్నానానికి తోడు కావాలంటే మాత్రం ఫోనులో అయ్యే పని కాదు, అక్కడ ఒక మనిషి ఉండాలి.

పడిపోవడం గురించి. చెయ్యి అతుక్కుంటుంది, అక్కడితో అయిపోయిందనుకోకండి. ఒకసారి పడినవాళ్లు మళ్లీ పడే అవకాశం ఎక్కువ. పడతానన్న భయంతో నడక తగ్గిస్తారు, నడక తగ్గితే కాళ్లలో బలం తగ్గుతుంది, బలం తగ్గితే ఈసారి నిజంగానే పడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఏటా దాదాపు 6,84,000 మంది కింద పడటం వల్ల చనిపోతున్నారు, వాళ్లలో అరవై దాటినవాళ్లే ఎక్కువ. మీరు వెళ్లినప్పుడు చిన్న పరీక్ష చేయండి. నాన్నను కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోమనండి. మీరు పక్కనే నడవండి. 12 సెకన్లు, అంతకు మించి పడితే డాక్టరుకు చెప్పాల్సిన విషయమే. పడుకున్నప్పుడూ లేచి నిలబడ్డాకా రక్తపోటు చూడమని అడగండి. నిలబడగానే పై అంకె 20 పడిపోతుంటే చీకటి కన్నా ముందు అనుమానించాల్సింది మందుల్ని. ఇద్దరి మందులూ, డాక్టరు రాసినవీ సొంతంగా కొన్నవీ, ఒక సంచిలో వేసి తీసుకెళ్లి ఒకే డాక్టరు ముందు కుమ్మరించండి. నలుగురు నాలుగు కారణాలకు రాసిన మందులు ఒక ఒంట్లో కలుసుకుంటాయన్న సంగతి ఆ సంచి కుమ్మరించేదాకా ఎవరికీ గుర్తు రాదు. మంచం నుంచి తలుపు దాకా రాత్రంతా వెలిగే చిన్న దీపాలు, బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీలు, జారే చాపలు తీసేయడం, ఇవి మీరున్న నాలుగు రోజుల్లోనే అయిపోవాలి. తలుపుకు తీస్తే మోగే చిన్న గంట ఒకటి పెట్టండి. దానితో ఆయన రెండు గంటలకు లేవడం మానేస్తారని కాదు. ఊరికే లేవడం తగ్గుతుంది.

సాయం మనిషిని మళ్లీ పెట్టాల్సిందే. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. కానీ పోయినసారి మీరు పెట్టారు, ఆయన పంపించారు. ఈసారి ఆయన పెట్టుకోవాలి. ఇద్దరు ముగ్గురిని పిలిపించి మాట్లాడేది ఆయన, వేళలు చెప్పేది ఆయన, నెల జీతం చేతికిచ్చేది ఆయన. మీరున్న రోజుల్లోనే మొదలుపెట్టండి, పూటకు రెండు గంటలతో. 'మీకు చేతకావడం లేదు కాబట్టి' అనకండి. 'నాన్నా, రాత్రుళ్లు నువ్వు నిద్రపోవడం లేదని నాకు తెలుసు. నువ్వు పడిపోతే అమ్మను చూసేవాళ్లుండరు. నీకు తోడు కావాలి, అమ్మ కోసమే కావాలి' అనండి. తన కోసం ఒప్పుకోని మనిషి భార్య కోసం ఒప్పుకుంటారు. అమ్మ ఎదుట మాత్రం ఈ మాటలొద్దు. ఆమె మరిచిపోతుందేమో గానీ, అర్థం కాదని ఎవరు చెప్పారు?

కాగితాల సంగతి చాలామంది అపశకునమని వాయిదా వేస్తారు. మీరు వేయవద్దు. ఎక్కడైనా సంతకానికి విలువ ఉండాలంటే సంతకం చేసేవాళ్లకు ఏం చేస్తున్నారో తెలిసి ఉండాలి. అమ్మకు ఆ స్పష్టత ఉన్న రోజులు ఎన్నో మనకు తెలియదు. చాలాచోట్ల మామూలు పవర్ ఆఫ్ అటార్నీ, రాసిచ్చిన మనిషి మానసిక సామర్థ్యం కోల్పోతే చెల్లదు. కొన్ని దేశాల్లో ఆ తర్వాతా చెల్లేలా ప్రత్యేకంగా రాసుకునే వీలుంది. మీకు ఏది వర్తిస్తుందో ఒక న్యాయవాదిని అడిగి తెలుసుకోండి. ఖాతాలు, నామినీలు, బీమా, వీలునామా ఒక పక్క. ఇంకో పక్క, దీనికన్నా కష్టమైనది: నయం కాని స్థితి వస్తే ఎంతదాకా వైద్యం చేయించాలి, గొట్టాలూ యంత్రాలూ కావాలా వద్దా, ఎక్కడ ఉండాలని ఉంది. ఇది వాళ్లిద్దరినీ వాళ్ల నోటితో చెప్పించి, రాయించి పెట్టుకోండి. ఒక్క సంతానమైన మీకు ఇది మరీ అవసరం. ఆసుపత్రి వరండాలో డాక్టరు వచ్చి 'ఏం చేయమంటారు' అని అడిగినప్పుడు మీ పక్కన తోబుట్టువు ఉండకపోవచ్చు. వాళ్ల మాట మాత్రం మీ చేతిలో ఉంటుంది.

తోబుట్టువు సంగతికి వద్దాం. లేని తమ్ముడు ఎప్పుడూ మంచివాడే. అడగకుండానే డబ్బు పంపుతాడు, మీకు జ్వరమొస్తే మొదటి బస్సుకే వచ్చి వాలతాడు. ఉన్న తమ్ముళ్ల గురించి నాకు వచ్చే ఉత్తరాలు మీరు చదవరు కాబట్టి సరిపోయింది. నలుగురున్న ఇళ్లలోనూ ఎక్కువ పని ఒకరి మీదే పడుతుంది, ఆ ఒకరికి పనితోపాటు మిగతా ముగ్గురి సలహాలు అదనం. మీకు ఆ అదనం లేదు. పైగా ఈ లెక్క మీ ఒక్కరిదీ కాదు. చైనాలో 1980 ప్రాంతం నుంచి 2015 దాకా నడిచిన ఒక్క బిడ్డ విధానం వల్ల నలుగురు తాతానాయనమ్మలు, ఇద్దరు తల్లిదండ్రులు, ఒక బిడ్డ అని '4-2-1' అనే మాటే పుట్టింది. ఎవరూ శాసించకపోయినా ఎన్నో చోట్ల కుటుంబాలు అదే లెక్కలోకి వచ్చాయి.

అయినా తోబుట్టువు లేని లోటు ఒకటి నిజంగా ఉంది, దాన్ని తేలిక చేయను. చేతులు అద్దెకు దొరుకుతాయి. 'అమ్మ ఇదివరకు ఇలా ఉండేది కాదు కదా' అని అడిగితే 'అవును, ఉండేది కాదు' అనే మనిషి దొరకడు. మీ అమ్మ పాడిన పాట, నాన్న కోపం, ఆ ఇంటి వాసన తెలిసిన రెండో మనిషి లోకంలో లేరు. అందువల్ల నిర్ణయాల బరువు మీకు పని బరువు కన్నా ఎక్కువగా ఉంటుంది. దీనికి మందు లేదు, ఉపశమనం ఉంది. వాళ్లను మీ చిన్నప్పటినుంచీ ఎరిగిన ఒకరిని, పిన్నో మేనబావో నాన్న పాత స్నేహితుడో ఎవరైనా సరే, ఎంచుకోండి. సేవ చేయమని అడగకండి. నెలకోసారి అరగంట మాట్లాడటానికి ఒప్పుకోమనండి. అంతా చెప్పి, 'నేను చేస్తున్నది సబబేనా' అని అడగడానికి ఒక మనిషి చాలు.

ఉద్యోగం ఇప్పుడు మానవద్దు. ఇది నెలల్లో తేలే పని కాదు, ఏళ్ల తరబడి సాగేది. మొదటి నెలలోనే ఉన్నదంతా ధారపోస్తే నాలుగో ఏడాదికి మీ దగ్గర డబ్బూ ఉండదు, ఓపికా ఉండదు. సాయం మనిషి జీతం మీ జీతంలోంచే రావాలి. నలభై నాలుగేళ్లకు వదిలేసిన ఉద్యోగం యాభైలో మళ్లీ అదే మెట్టు మీద దొరకదు. అప్పుడు మీ వృద్ధాప్యం ఎవరి మీద పడుతుంది? మీకూ ఒక్కడే కొడుకు. సెలవుల్ని పొదుపుగా దాచుకోండి, ఆపరేషన్లకూ ఆసుపత్రులకూ అవి కావాలి. ఏడాది తర్వాత ఆ పద్నాలుగు పనుల కాగితం మళ్లీ నింపి చూడండి. అప్పటికి 'తోడుంటే చేస్తారు', 'అసలు చేయలేరు' అన్న గుర్తులు ఎక్కువైపోతే, వాళ్లు మీ దగ్గరికి రావడమా, మీరున్న వీధిలోనే ఇల్లు చూడటమా, మంచి సంరక్షణ గృహమా అన్నది మాట్లాడుకోవాలి. చివరిది తలవంపులు కాదు. మతిమరుపు ఉన్నవాళ్లకు ఇల్లు మారడం కష్టం, అలవాటైన గోడలే వాళ్లకు దారి చూపిస్తాయి. మారక తప్పదనిపిస్తే కొత్త ఇంటిని నేర్చుకునే శక్తి ఉండగానే మారాలి. ఈ రెంటి మధ్య సరైన వేళ ఏదో నాకు మీ ఉత్తరంలో కనబడలేదు. ఆ నాలుగు రోజులు చూస్తే మీకు కొంత తెలుస్తుంది.

మీ భర్త మౌనం గురించి నాకేమీ తెలియదు, మీకూ తెలియదు. అడగండి. 'మీరేమనుకుంటున్నారు' అంటే 'నీ ఇష్టం' అంటారు. 'నెలలో రెండు శనివారాలు నేనక్కడ ఉంటాను, ఇక్కడ ఏమేమి మీరు చూస్తారు' అని అడిగితే జవాబు చెప్పక తప్పదు.

విసుగు, సిగ్గు అన్నారు. 1980లో స్టీవెన్ జారిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు, జబ్బుపడిన ఆప్తులను చూసుకునేవాళ్ల భారాన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. తర్వాత వాడుకలో స్థిరపడిన దానిలో 22 ప్రశ్నలుంటాయి. కోపం వస్తుందా, మీకంటూ సమయం మిగలడం లేదా, ఇంకా ఎక్కువ చేయాల్సిందనిపిస్తుందా, ఇలాంటివి. అంటే మీరు సిగ్గుపడుతున్నవన్నీ అందరికీ వచ్చేవేనని ప్రశ్నలు రాసినవాళ్లకు ముందే తెలుసు. వాటిలో ఒక ప్రశ్న తాత్పర్యం ఇది: లోకంలో ఆధారపడటానికి మీరు ఒక్కరే ఉన్నట్టు ఆ మనిషి మీ నుంచి ఆశిస్తున్నారని మీకు అనిపిస్తుందా? అది చదివినప్పుడు నాకు మీలాంటివాళ్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది. మీకు అనిపించడమేమిటి, ఉన్నది మీరొక్కరే! అలాంటి చోట విసుగు రాకపోతేనే ఆశ్చర్యపడాలి. నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు లేకపోవడం వారాల తరబడి ఉంటే మాత్రం మీ కోసం మీరు డాక్టరును కలవండి.

ఆ ఫోన్లకు ఒక వేళ పెట్టుకోండి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి మీరే చేయండి, ఆయన చేయకముందే. మధ్యలో మోగితే అత్యవసరమేనని ఇద్దరూ అనుకోండి. వారం పది రోజులు పాత అలవాటు పోదు, పోనివ్వండి. రేపు సాయంత్రం చేసినప్పుడు మాత్రం మాత్రల లెక్కలోకి దిగవద్దు, అమ్మకు ఇవ్వమని కూడా అడగవద్దు. 'నాన్నా, నిన్న రాత్రి నువ్వు ఎంతసేపు నిద్రపోయావు?' అని అడగండి. 'బాగానే పడుకున్నా' అంటారు, కరెంటు బిల్లు మాట ఎత్తుతారు. మీరేమీ మాట్లాడకుండా ఫోను చెవి దగ్గరే ఉంచుకుని ఇంకో నిమిషం ఆగండి.